బావ చేతి కొలత

అక్టోబరు 9

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఫోన్లో నా మాట సగం ఇసుకలో పడిపోతోందని నువ్వు విసుక్కున్నప్పటి నుంచీ మళ్లీ ఉత్తరాల్లోకి దిగాం కదా, నాకైతే ఇదే బాగుంది. ఉత్తరంలో నువ్వు నా మాటకి అడ్డం రాలేవు.

ఇక్కడ అంతా మామూలే. పొద్దున్నే వాన కొలిచే పాత్ర దగ్గరికి వెళ్తాను. అందులో ఇసుక ఉంటుంది. అది పారబోసి, పుస్తకంలో "వాన లేదు" అని రాస్తాను. మూడేళ్లుగా ఈ వాతావరణ కేంద్రంలో నా రచనా వ్యాసంగం అంతా ఇదే. పోయిన వారం కాస్త కొత్తగా ఉంటుందని "వాన రాలేదు" అని రాస్తే మా ఆఫీసరు ఎర్ర సిరాతో దిద్దాడు. అలా రాస్తే ఎదురుచూసినట్టు ఉందట. ఆఫీసు పుస్తకంలో ఆశలు పెట్టుకోకూడదట.

అసలు సంగతికి వస్తాను. ఏడాది చివరి సెలవులకి మీ అందరికీ కానుకలు తేవాలి. పోయినసారి జరిగిన పరాభవం నేనింకా మరిచిపోలేదు. ఎడారి నుంచి తెచ్చానని మీ అత్తగారి చేతిలో పెట్టిన దీపం తిరగేసి చూస్తే, అడుగున చీటీ. తయారైంది మీ వీధి చివరి ఫ్యాక్టరీలో. రెండు రోజులు రైల్లో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను దాన్ని. మీ అత్తగారు "పోనీలే అమ్మా, మన వీధి సరుకేగా, గట్టిగా ఉంటుంది" అని నన్ను ఓదార్చారు చూడు, అప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందుకని ఈసారి ఒట్టు పెట్టుకున్నాను. ఇక్కడి మనిషి, ఇక్కడ దొరికే సరుకుతో, తన చేత్తో చేసినది తప్ప ఏదీ కొనను. మూడేళ్లుగా ఉంటున్నా, బజారు వెనక పనివాళ్ల వీధి ఒకటుందని నాకు ఈ మధ్యే తెలిసింది. గమనించడమే నా ఉద్యోగం అని నువ్వు అందరికీ చెబుతుంటావు. నేను గమనించేది ఆకాశాన్ని మాత్రమే. కింద ఏముందో జీతంలో లేదు.

ఆ వీధిలో ఒక నేతగాడు ఉన్నాడు, మట్టిపని చేసే ఆవిడ ఉంది, కుంచెలు కట్టే ముసలావిడ ఉంది. ఈమెని అందరూ కుంచెల పెద్దమ్మ అంటారు. చెయ్యి తిరగడానికని ముందు మా ఆఫీసరుకి ఒక పూలకూజా కొన్నాను. పొడుగాటి మెడ, పక్కన చిన్న ముక్కు, చాలా వింతగా, అందంగా ఉంది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టుకుని కాగితం పూలు గుచ్చాడు. నా అభిరుచి మీద నాకే గౌరవం కలిగింది.

ఇప్పుడు బావ. బోర్డులు రాసే మనిషికి కుంచెల కన్నా మంచి కానుక ఏముంటుంది? పెద్దమ్మ మేక చెవి వెనక వెంట్రుకలు ఏరి కడుతుంది. పిడి ఇక్కడి ముళ్లచెట్టు చేవతో చెక్కుతుంది. కానీ ఊరికే అమ్మదు.

"ఎవరికి?" అంది.

"మా అక్క మొగుడికి."

"అతని చెయ్యి ఏదీ?"

"ఆయన దగ్గరే ఉంది" అన్నాను. ఆమె నవ్వలేదు. పట్టుకునే చెయ్యి గీసిన కాగితం ఉంటే తప్ప పిడికి కత్తి పెట్టదట.

కాబట్టి బావ కుడిచెయ్యి ఒక కాగితం మీద పరిచి, వేళ్లు విడదీసి, చుట్టూ పెన్సిలు తిప్పి పంపు. చక్కిలిగింతలని గోల చేస్తాడు. వదలకు.

నీ చెల్లెలు

&nbsp;

అక్టోబరు 21

ఏమే,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. బళ్లో తనిఖీ. వచ్చినాయన నా లెక్కల క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని, అయిపోయాక నల్లబల్ల వైపు చూసి, "అంకెలు బాగున్నాయండీ, ఈ మధ్యలోవి ఏమిటి?" అన్నాడు. అవి అక్షరాలు అని చెప్పాల్సి వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఇంట్లో మీ బావ అంటున్నదే ఆయనా అన్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారేమో తెలియదు.

కానుకల గురించి ఇంత హడావుడి అవసరమా? నువ్వు వస్తే చాలదూ. సరే, అడిగావు కనుక చెబుతున్నాను. మా అత్తగారికి దుప్పటి అయితే మంచిది, కానీ ఉన్ని గుచ్చుకోకూడదు. గుచ్చుకుంటే ఆవిడ పైకి అనరు, తెల్లారేసరికి అందరికీ అర్థమయ్యేలా మడతపెడతారు. పిల్ల మాత్రం "పిన్ని ఏం తెచ్చినా సరే, గోడకి తగిలించేది మాత్రం వద్దు" అంది. పదహారేళ్లు వచ్చాయి, అన్నీ ఒంటిమీదికే కావాలి.

మీ బావకి కుంచెలు వద్దు. ఇంట్లో ఉన్నవే కుప్పలు. రెండు జతల ఉన్ని మేజోళ్లు తీసుకురా, చాలు. ఈ మధ్య కాళ్లు చల్లబడుతున్నాయంటున్నారు.

ఇంతకన్నా రాయడానికి తీరిక లేదు. ఇల్లంతా ఒక రబ్బరు బంతి దొర్లుతూ ఉంటుంది, రోజుకొకరం దాని మీద కాలేసి జారుతున్నాం. నిన్న నా వంతు. నడుం పట్టేసింది.

మీ అక్క

&nbsp;

నవంబరు 2

అక్కా,

ముందు నా అభిరుచి గురించి ఒక దుర్వార్త. మట్టిపని ఆవిడ నీళ్లకుండలు ఇవ్వడానికి మా ఆఫీసుకి వచ్చింది. ఆఫీసరు బల్ల మీద కాగితం పూలతో కళకళలాడుతున్న కూజాని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎంతసేపటికీ తీయలేదు. చివరికి "అది తల్లి లేని గొర్రెపిల్లలకి పాలు పట్టే బుడ్డి సార్" అంది. పక్కనున్న ముక్కు అందుకేనట. ఆఫీసరు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి ఆకాశం వైపు చూశాను. నాకు తెలిసిన పని అదొక్కటే కదా.

అప్పటి నుంచి ఏది కొన్నా, ఇది దేనికని మూడుసార్లు అడుగుతున్నాను. నేతగాడు తిరిగి నన్నే అడగడం మొదలుపెట్టాడు. "ఆవిడ ఏ పక్కకి తిరిగి పడుకుంటారు? ఒక వైపు మెత్తగా నేస్తాను, ఆ వైపు చెంపకి రావాలి" అన్నాడు. నాకు తెలియదన్నాను. "వెచ్చగా ఉండాలంటారా, తేలిగ్గా ఉండాలంటారా?" తెలియదన్నాను. "పోనీ పొడుగెంత?" చెయ్యెత్తి చూపించాను. ఆ లెక్కన మీ అత్తగారు తలుపుకన్నా ఎత్తు. మా వాళ్ల గురించి నాకు ఏమీ తెలియదన్న సంగతి అతను అయిదు నిమిషాల్లో తేల్చేశాడు. ఏ పక్కకో కనుక్కుని రాయి. పిల్లకి మట్టిపూసల చేతిపట్టీ చెప్పాను. ఇది నిజంగా చేతికే అని రెండుసార్లు రూఢి చేసుకున్నాను.

ఇక బావ. మేజోళ్లు అని రాశావు. ఆ మాట చదవగానే నాకు అర్థమైపోయింది. బావ నా మీద కోపంగా ఉన్నాడు.

పోయిన సెలవుల్లో అంతమంది భోజనాల దగ్గర ఆ బోర్డు కథ చెప్పడం నాదే తప్పు. కానీ ఏం చేయను, అంత మంచి కథ దాచుకోవడం నావల్ల కాలేదు. మీ వీధి మలుపులో "మందుల దుకాణం" అని రాయమంటే "ల" మరిచిపోయి "మందు దుకాణం" అని రాసింది ఎవరు? చీకటి పడేసరికి వీధిలోని పెద్దమనుషులంతా అక్కడ చేరి, దగ్గు మందు సీసాలు చూసి నీరసంగా తిరిగిపోయింది ఎవరి వల్ల? నేను చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆ మందుల ఆయన నడకని అనుకరించి చూపించడం ఒక్కటే ఎక్కువైందేమో. అప్పుడు బావ కూడా నవ్వాడు, కానీ పళ్లెం వైపు చూస్తూ నవ్వాడు. అది ఇప్పుడు గుర్తొస్తోంది.

ఆయనకి చెప్పు, మరదలు క్షమాపణ చెబుతోందని. ఆయనే ఉత్తరం రాయకుండా నీ చేత మేజోళ్లు అని రాయిస్తున్నాడంటే గట్టిగానే తగిలి ఉంటుంది. నీ ప్రతి ఉత్తరం చివర ఒక ముక్క రాసేవాడు, నా తప్పులు పట్టుకుని. ఈ ఏడాది ఆగస్టు తర్వాత ఒక్కటీ లేదు. నేను లెక్కపెట్టుకున్నాను.

అందుకే నేను కుంచెలే ఇస్తాను. కోపం ఉన్న మనిషికి మేజోళ్లిస్తే కోపం కాళ్లలోకి దిగుతుంది తప్ప పోదు. చెయ్యి గీసి పంపు.

పదహారేళ్ల పిల్లకి ఇంట్లో బంతాట ఏమిటి? నువ్వు టీచరువి, ఆ మాత్రం చెప్పలేవా?

నీ చెల్లెలు

&nbsp;

నవంబరు 13

ఏమే,

నువ్వు పట్టిన పట్టు వదలవు. చిన్నప్పుడు బడికి రానని గుమ్మం పట్టుకున్నప్పుడూ ఇంతే.

మీ బావకి నీ మీద ఏ కోపమూ లేదు. ఆ బోర్డు కథ ఆయనే అందరికీ చెప్పుకుంటారు, నీకంటే బాగా నడిచి చూపిస్తారు కూడా. రాయడానికి తీరిక దొరక్క రాయడం లేదు. అంతకు మించి ఏమీ లేదు, ఏవేవో ఊహించుకోకు. బంతి గురించి కూడా.

ఇదిగో చెయ్యి. ఇంక నన్ను ఈ విషయం అడగకు.

మా అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుంటారు. అంటే ఎడమ. అది కనుక్కోవడానికి నేను రెండు రోజులు కాపు కాశాను. ఆవిడ పట్టేసి, "నేను పోయానేమోనని చూస్తున్నావా" అన్నారు.

మీ అక్క

&nbsp;

నవంబరు 25

అక్కా,

కాగితం తీసుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె కొట్టు అంటే ఒక గది, సగం దాకా వెలుతురు, ఆ వెలుతురు అంచున ఆమె పీట. గోడంతా కట్టలు కట్టిన వెంట్రుకలు, నలుపు, గోధుమ, తెలుపు. ఆమె కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూసింది. తర్వాత ఒళ్లో పరుచుకుని తన అరచెయ్యి దాని మీద ఆనించింది.

"ఎవరి చెయ్యి ఇది?" అంది.

"మా బావది. చెప్పాను కదా."

"మీ బావ గాజులు వేసుకుంటాడా?"

ఆమె వేలు పెట్టిన చోట చూశాను. మణికట్టు దగ్గర పెన్సిలు గీత రెండు వైపులా చిన్నగా ఎగిరింది. గాజుల మీద నుంచి దూకినట్టు.

నేను దబాయించాను. మా బావ సన్నటి మనిషి, చేతికి దారమేదో కట్టుకుంటాడు అన్నాను. అంత ధాటిగా అబద్ధం ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆమె వాదించలేదు. "ఇది ఆడమనిషి కుడిచెయ్యి. గీసింది వేరే మనిషి. గీసిన మనిషికి పెన్సిలు పట్టుకోవడం కష్టంగా ఉంది, చూడు, బొటనవేలు చుట్టూ గీత ఎలా వణికిందో" అంది. తర్వాత కాగితం తిప్పి నా చేతిలో పెట్టింది. వెనక హాజరుపట్టీ గళ్లు ఉన్నాయి. మూల మీద సుద్దపొడి వేలిముద్ర.

నేను ఆకాశం చూసి రేపు ఎంత ఎండ ఉంటుందో చెప్పగలనని జీతం తీసుకుంటున్నాను. నా అక్క చెయ్యి కాగితం మీద పెట్టి ఇస్తే గుర్తుపట్టలేకపోయాను. పది రోజులు ఉత్తరం దారిలో ఉంది, ఒక రోజు నా సంచిలో ఉంది. పెద్దమ్మకి ఒక్క నిమిషం పట్టింది.

"మరి ఏం చేయమంటావు?" అని ఆమె అడిగింది. కాగితం మళ్లీ ఆమె ఒళ్లో పెట్టాను. "చెయ్యి వచ్చింది కాబట్టి ఈ చేతికే చేస్తాను. ఆ తర్వాత మీరూ మీరూ చూసుకోండి" అని కత్తి అందుకుంది.

ఆగస్టు నుంచి బావ ముక్క లేదు. కుంచెలు వద్దు, మేజోళ్లు చాలు. ఇంట్లో రబ్బరు బంతి. ఒక్కొక్కటీ నువ్వు రాశావు, నేను ఒక్కొక్కదానికీ ఒక తిక్క అర్థం తీశాను.

అక్కా, బావ చేతికి ఏమైంది?

నీ చెల్లెలు

&nbsp;

డిసెంబరు 3

చిన్నీ,

నువ్వు అడగాలనే అనుకున్నానేమో, అందుకే గాజులు తీయకుండా చెయ్యి పెట్టాను. అలా అనుకుంటే కాస్త తెలివైనదాన్ని అనిపిస్తోంది. నిజానికి గాజుల సంగతే గుర్తులేదు.

ఆగస్టు రెండో వారంలో లాండ్రీ ఆయన కొట్టు ముందు నిచ్చెన మీద నిలబడి బోర్డు రాస్తున్నారు. "ఇక్కడ బట్టలు ఉతికి ఇస్త్రీ చేయబడును" అని రాయాలి. "ఉ" దాకా వచ్చేసరికి చేతిలోంచి బ్రష్షు జారిపోయింది. ఆయన ముందు బ్రష్షుని తిట్టారు. కిందికి దిగి తీద్దామంటే చెయ్యి రాలేదు. లాండ్రీ ఆయనే పట్టుకుని దింపి, ఇస్త్రీ బల్ల మీద పడుకోబెట్టి నాకు కబురు పంపాడు.

పక్షవాతం అన్నారు డాక్టరు. కుడిచెయ్యి ఒక్కటే. మాట వారం రోజులు తడబడింది, తర్వాత పూర్తిగా వచ్చేసింది. ఎంత పూర్తిగా అంటే, ఆ వారం ఎంత ప్రశాంతంగా ఉండిందో అని మా అత్తగారు కూడా అన్నారు. వేళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. బంతి అందుకు. రోజూ వందసార్లు నొక్కమన్నారు. ఆయన పదిసార్లు నొక్కి విసిరేస్తారు, మేం జారిపడతాం.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్పొద్దన్నది ఆయనే. ఆసుపత్రిలో, మాట ఇంకా సరిగా రానప్పుడు అన్నారు. "మరదలికి చెప్పకు. చెబితే నన్ను వెక్కిరించడం మానేస్తుంది." అప్పటికే ఇంటికి వచ్చినవాళ్లంతా మెల్లగా మాట్లాడుతున్నారు. మందుల ఆయన కూడా వచ్చి, ఆ బోర్డు మాట ఎత్తకుండా, మీరెంత గొప్ప కళాకారులో అన్నాడు. ఆ మాట విన్నాక మీ బావ రెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నారు. నువ్వు ఒక్కదానివైనా మామూలుగా ఉండాలని ఆయన కోరిక. నేను మాట ఇచ్చేశాను. నా అబద్ధాలు నా అక్షరాల్లాగే ఉంటాయని అప్పుడు ఆలోచించలేదు.

నువ్వు చెయ్యి గీసి పంపమని రెండోసారి రాశావు. కాగితం బల్ల మీద పెట్టి ఆయన చెయ్యి పరవబోయాను. వేళ్లు విడలేదు. ఒక్కొక్క వేలూ తీసి నేను పట్టుకుంటే, రెండోది తీసేలోపు మొదటిది ముడుచుకుపోయింది. ఇద్దరం నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాం. అప్పుడు ఆయన "నీ చెయ్యి పెట్టు" అన్నారు. ఎడమ చేత్తో పెన్సిలు తీసుకుని నా చెయ్యి చుట్టూ గీశారు. చాలాసేపు పట్టింది. ఆగస్టు తర్వాత ఆయన పెన్సిలు ముట్టుకోవడం అదే మొదలు. అందుకని ఆ కాగితం పంపకుండా ఉండలేకపోయాను. మోసం అని తెలుసు. నాలుగు నెలల్లో మా ఇంట్లో జరిగిన మంచి పని అదొక్కటే.

లాండ్రీ బోర్డు ఇప్పటికీ అలాగే ఉంది. "ఇక్కడ బట్టలు ఉ". ఏం బట్టలున్నాయని జనం లోపలికి వచ్చి అడుగుతున్నారట. వేరే మనిషి చేత రాయించుకోండని మేం చెప్పాం. ఆయన "మీరు కోలుకున్నాకే" అంటాడు. అది వినడం ఇంకా కష్టంగా ఉంది.

నువ్వు వస్తున్నావుగా. వచ్చాక ఎలా ఉండాలో నువ్వే చూసుకో. నేను చెప్పినట్టు ఆయనకి తెలియనివ్వకు అని రాద్దామనుకున్నాను. కానీ ఈ ఉత్తరం ఆయన ఎదురుగానే రాస్తున్నాను. ఇందాకటి నుంచి అటువైపు నుంచి తలకిందులుగా చదువుతున్నారు.

మీ అక్క

&nbsp;

డిసెంబరు 11

అక్కా,

నేను రావడం లేదు. నా బదులు ఇక్కడికి రావలసిన మనిషి, తనకి ఇసుక పడదని డాక్టరు చీటీ పంపాడు. ఇసుక పడని మనిషిని ఎడారికి వేశారు. ఆఫీసరుని బతిమాలాను. "గొర్రెపిల్ల బుడ్డికి ప్రతీకారం కాదు కదా సార్" అని కూడా అడిగాను. కాదన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన ఆ బుడ్డి ఇంకా తీయలేదు. అందులో ఇప్పుడు ఎర్ర సిరా పెన్నులు పెట్టుకున్నాడు.

అందుకని కానుకలన్నీ పార్సిల్ చేశాను. దుప్పటిలో ఎర్రదారం కుట్టిన వైపు మెత్తనిది. ఎడమ చెంపకి అటువైపు రావాలని నేతగాడు మరీ మరీ చెప్పాడు. పూసల పట్టీ పిల్లకి. మేజోళ్లు కూడా పెట్టాను, నువ్వు అడిగావు కనుక. నేతగాడి తల్లి అల్లింది. ఒకటి రెండోదానికంటే పొడుగు. అలా ఎందుకుందని అడిగితే "మనుషుల కాళ్లు మాత్రం సమానంగా ఉంటాయా?" అంది. ఈ వీధిలో నేను అడిగిన ఏ ప్రశ్నా నాకు గౌరవం తెచ్చిపెట్టలేదు.

కుంచెలు మూడు ఉన్నాయి. లావుది, మధ్యది, సన్నది. అవి నీవి. నీ చేతికి చెక్కినవి కాబట్టి వేరేవాళ్లకి ఇస్తే ఊరుకోనని పెద్దమ్మ అంది. వాటితో నువ్వేం చేస్తావో నాకు తెలియదు. కిటికీలు తుడుచుకున్నా నాకేం బాధలేదు.

బావకి చీటీ రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. మొదటిది చాలా బాగుంది. "త్వరగా కోలుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటూ" అని ఉంది. చదివితే మందుల ఆయన రాసినట్టుంది. చింపేశాను. రెండోది ఏడుపుగా ఉంది. మూడోది రాయకుండానే ఏడుపు వచ్చింది. నాలుగోది ఇందులో మడిచి పెట్టాను. ఆయనకి వినిపించు. తర్వాత ఏమైనా అయితే నన్ను తిట్టు. నేను మామూలుగా ఉండడమంటే ఏమిటో ఇన్నాళ్లూ తెలియకుండా ఉన్నాను. తెలిశాక ఉండడం చాలా కష్టంగా ఉంది.

నీ చెల్లెలు

(మడిచిన చీటీ)

బావగారూ, చెయ్యి జారిందని విన్నాను. అక్షరాలు అంతకు ముందే జారాయి కదా, "ల"తో మొదలుపెట్టి. నాలుగు నెలలు నన్ను మోసం చేసి, మీకు కోపం వచ్చిందని నా చేత క్షమాపణ చెప్పించుకున్నారు. ఆ క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నాను. బంతి వందసార్లు నొక్కండి. మా అక్క నడుం విరిగితే లెక్కలు చెప్పేవాళ్లు లేరు. మీ మరదలు.

&nbsp;

జనవరి 4

చిన్నీ,

ఇది మీ బావ చెబుతుంటే నేను రాస్తున్న ఉత్తరం. ఆయన చెప్పినది చెప్పినట్టే రాయాలట. నాకు ఏమైనా చెప్పాలని ఉంటే బ్రాకెట్లో పెట్టుకోమన్నారు.

మరదలు పిల్లా, నీ పార్సిల్ అందింది. మా అమ్మ దుప్పటి కప్పుకుని, గోడ వైపు తిరిగి, మళ్లీ ఇటు తిరిగి, మళ్లీ అటు తిరిగి, చివరికి "ఆ పిల్లకి ఈసారి బుద్ధొచ్చింది" అంది. మా అమ్మాయి పట్టీ తీయడం లేదు. మేజోళ్లు బాగున్నాయి. నా ఎడమకాలు పొడుగని ఇన్నేళ్లకి తెలిసింది. (పొడుగేం కాదు. ఆయనకి అనిపించింది.)

నీ చీటీ మీ అక్క చదివి వినిపించింది. చదువుతూ మధ్యలో ఆగి నా ముఖం వైపు చూసింది. నేను దగ్గు వచ్చేదాకా నవ్వాను. ఆగస్టు తర్వాత నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టించుకోకపోతే మనిషి లేనట్టే ఉంటుంది, నీకు తెలియదు. నిన్ను అందరూ తిడతారు కాబట్టి.

ఆ కుంచెలు చూశాను. మంచివి. అంత మంచివి నేనెప్పుడూ వాడలేదు. వాటిని మీ అక్క బీరువాలో పెడుతుంటే లాండ్రీ ఆయన వచ్చాడు, ఎలా ఉన్నారని అడగడానికి. అతను వెళ్లాక మీ అక్కని ఆ లావు బ్రష్షు ఒకసారి పట్టుకోమన్నాను. పట్టుకుంది. వేళ్ల మధ్య కూర్చుంది. పిడి తయారైందే ఆ చెయ్యి కోసం కదా. నేనన్నాను, "పద, ఆ 'ఉ' తర్వాత మిగిలింది రాద్దాం."

(నేను వద్దన్నాను. నా అక్షరం సంగతి వీధి వీధంతా తెలుసు. పైగా సెలవులు, నా క్లాసు పిల్లలు అక్కడే తిరుగుతుంటారు. ఆయన వినలేదు. చొక్కా గుండీలు ఎడమ చేత్తో పెట్టుకోవడం మొదలుపెట్టారు. నాలుగు నెలల్లో తనంతట తాను బయటికి వెళ్తానన్నది అదే మొదటిసారి. ఇక నేనేం అంటాను.)

మూడు రోజులు పట్టింది. నేను కింద కుర్చీలో, మీ అక్క నిచ్చెన మీద. మొదటి రోజు ఒక్క "తి" రాసింది. ఆ గుడి తిప్పమంటే అది ఎటో పోయింది. చెరిపించాను. మళ్లీ రాసింది. మళ్లీ చెరిపించాను. (నాలుగుసార్లు.) "భుజం కదలాలి, వేళ్లు కాదు" అంటే, "నేను లెక్కల టీచర్ని" అంది. "అయితే సున్నాలు బాగా చుడతావుగా, ఇస్త్రీలో అన్నీ వంకరలే, సున్నా సగం చుట్టు" అన్నాను. రెండో రోజు మధ్యాహ్నం నా మీద కోపంతో నిచ్చెన దిగి ఇంటికి వెళ్లిపోయింది. నేను కుర్చీలోనే కూర్చున్నాను. అంతసేపు ఒక్కణ్ణే వీధిలో కూర్చోవడం కూడా ఆగస్టు తర్వాత అదే. అటు పోయేవాళ్లంతా నాతో గట్టిగా మాట్లాడారు.

(సాయంత్రం వెళ్లి చూస్తే, మందుల ఆయన పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ నా "తి" గురించి మాట్లాడుకుంటున్నారు. మళ్లీ నిచ్చెన ఎక్కాను.)

నిన్న పూర్తయింది. లాండ్రీ ఆయన రోడ్డు అవతలికి వెళ్లి నిలబడి చాలాసేపు చూశాడు. "మొదటి సగం ఇస్త్రీ చేసినట్టుంది, రెండో సగం ఉతికి ఆరేసినట్టుంది" అన్నాడు. అలాగే ఉండనీ, కొట్టుకి సరిపోయిందన్నాడు. ఇప్పుడు దర్జీ కూడా అడుగుతున్నాడు. (నేను ఒప్పుకోలేదు.) నేను ఒప్పుకున్నాను. బళ్లు తెరిచేలోపు అయిపోతుంది.

మరదలు పిల్లా, ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా చదువు.

(ఈ వాక్యం నేను రాయను అన్నాను. అవసరం లేదు, నీకు తెలుసు అన్నాను. బల్ల మీద పెన్ను పెట్టేశాను. ఆయన పెన్ను తీసి, నా వేళ్ల మధ్య పెట్టి, "బోర్డు రాసేవాడు కస్టమరు చెప్పిన మాట మార్చకూడదు. నీకు మొదటి పాఠం ఇదే" అన్నారు. వేళ్లు ముడుచుకున్న ఆ కుడిచెయ్యి కాగితం జరగకుండా మూల మీద బరువులా పెట్టి కూర్చున్నారు. రాసేదాకా తీసేలా లేరు.)

మీ అక్క అక్షరం బాగుంది.

(రాశాను.)